మోటారు బిగించిన సైకిలులో గేర్ల ఎంపిక

మోటారు బిగించిన సైకిలు అనగా పెడళ్ళు ఉన్న సైకిలుకు చిన్న పెట్రోలు ఇంజను గాని, విద్యుత్ మోటారు గాని అమర్చిన వాహనం. ఇటువంటి వాహనంలో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుందో తెలిపే సంఖ్యను గేరు నిష్పత్తి అంటారు. ఈ నిష్పత్తి పెద్దదైతే సైకిలు మెరక సులువుగా ఎక్కుతుంది, కాని వేగం తగ్గుతుంది. చిన్నదైతే చదును దారిలో వేగం పెరుగుతుంది, కాని మెరక వచ్చినప్పుడు ఇంజను ఆగిపోతుంది. చిన్న ఇంజనుకు ఉండే శక్తి పరిమితమైనది కనుక ఈ రెండింటి మధ్య సమతూకం చూసుకోవడం తప్పనిసరి. నిష్పత్తి సరిగా ఎంచుకోకపోతే క్లచ్ కాలిపోవడం, ఇంజను వేడెక్కి పిస్టను పట్టేయడం, దిగుడులో వేగం అదుపు తప్పడం వంటి ప్రమాదాలు కలుగుతాయి.

చరిత్ర

సైకిలుకు యంత్రాన్ని తగిలించే ప్రయత్నాలు 1860ల చివరి నుండే ఫ్రాన్సులో ఆవిరి యంత్రంతో మొదలయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో పెట్రోలు కొరత, పేదరికం కారణంగా ఇవి బాగా వ్యాపించాయి. 1946లో అమ్మకానికి వచ్చిన ఫ్రెంచి వెలోసోలెక్స్‌లో ఇంజను ముందు చక్రం పైన కూర్చుని, చిన్న రోలరుతో టైరును ఒరుసుకుంటూ తిప్పేది. ఫ్రాన్సుకే చెందిన మోటోబెకాన్ సంస్థ 1949లో మొబిలెట్‌ను విడుదల చేసింది. 1953లో వచ్చిన జర్మనీ వాహనం ఎన్.ఎస్.యు. క్విక్లీలో రెండు గేర్లు ఉండేవి. మోటారు, పెడలు అనే రెండు మాటల మొదటి భాగాలు కలిపి "మోపెడ్" అనే పేరు 1952లో స్వీడన్‌లో పుట్టింది.

భారతదేశంలో మోటోబెకాన్ సహకారంతో మోపెడ్స్ ఇండియా అనే సంస్థ తిరుపతిలో "సువేగ" మోపెడ్లను తయారు చేసింది. ఆంధ్ర దేశంలోనే తయారైన ఈ బండి 1970ల దశకంలో తెలుగు పట్టణాలలో తరచుగా కనిపించేది. మొబిలెట్ నమూనాలో ఇంజను నుండి పెడళ్ళ వద్ద ఉన్న కప్పికి బెల్టు, అక్కడ నుండి వెనుక చక్రానికి చైను ఉంటాయి. అనగా గేరు నిష్పత్తి రెండు అంచెలుగా ఏర్పడుతుంది. 1972లో పూణే నుండి కైనెటిక్ లూనా, 1980లో హోసూరు నుండి ఇద్దరు కూర్చునే టి.వి.ఎస్. 50 వచ్చాయి. ఈ మోపెడ్లు పల్లెలలో పాల క్యాన్లు, గడ్డి మోపులు, ఎరువు బస్తాలు మోసే వాహనాలుగా స్థిరపడ్డాయి. 2015లో వచ్చిన టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. 100లో 99.7 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను ఉంది, పెడళ్ళు లేవు. అయినా పాత మోపెడ్ల వలెనే దానికి ఒకటే గేరు. లూనా పేరుతోనే 2024లో విద్యుత్ బండి ఇ-లూనా విడుదలయింది.

గేరు నిష్పత్తి - లెక్క

ఇంజను నుండి చక్రం వరకు ఉన్న ప్రతి అంచెలోను నిష్పత్తిని విడిగా లెక్కించి, అన్నింటినీ గుణిస్తే మొత్తం నిష్పత్తి వస్తుంది. చైను ఉన్న అంచెలో వెనుక స్ప్రాకెట్ పళ్ళ సంఖ్యను ముందు స్ప్రాకెట్ పళ్ళ సంఖ్యతో భాగించాలి.

సైకిళ్ళకు విడిగా అమర్చే చిన్న రెండు స్ట్రోకుల ఇంజన్లలో సాధారణంగా కనిపించే అమరికను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంజను లోపలి గేర్లలో 20 పళ్ళ చక్రం 82 పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది, అనగా 4.1 నిష్పత్తి. బయట ముందు స్ప్రాకెట్‌కు 10 పళ్ళు, వెనుక స్ప్రాకెట్‌కు 44 పళ్ళు ఉంటే ఆ అంచె నిష్పత్తి 4.4. మొత్తం నిష్పత్తి 4.1 × 4.4 = 18.04. అంటే ఇంజను సుమారు 18 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

వేగం తెలుసుకోవడానికి చక్రం చుట్టుకొలత కావాలి. మన దేశంలో వాడే 28 అంగుళాల పెద్ద సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. దీనిని కచ్చితంగా కొలవాలంటే టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, సైకిలుపై మనిషి కూర్చుని ఉండగా ఒక చుట్టు ముందుకు నడిపించి, నేల మీది రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి.

వేగం (గంటకు కి.మీ.) = ఇంజను చుట్లు (నిమిషానికి) ÷ మొత్తం నిష్పత్తి × చుట్టుకొలత (మీటర్లు) × 0.06

ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే పై ఉదాహరణలో చక్రం దాదాపు 222 చుట్లు తిరుగుతుంది. అప్పుడు వేగం గంటకు 29.3 కి.మీ.

ముందు స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను మార్పు కూడా చాలా ప్రభావం చూపుతుంది. 10 పళ్ళ స్థానంలో 9 పళ్ళ స్ప్రాకెట్ వేస్తే అది వెనుక 44 పళ్ళను దాదాపు 49 పళ్ళుగా మార్చడంతో సమానం. ఖర్చు తక్కువ కనుక చాలామంది ముందు స్ప్రాకెట్‌నే మారుస్తారు. కాని పళ్ళు తగ్గేకొద్దీ చైను ఎక్కువగా వంగుతూ తిరగాలి, కుదుపులు పెరుగుతాయి, చైను, పళ్ళు త్వరగా అరుగుతాయి. అందువలన పెద్ద మార్పు కావలసినప్పుడు వెనుక స్ప్రాకెట్‌ను మార్చడమే మేలు.

సైకిలును వెనక్కి లాగే బలాలు

కదులుతున్న సైకిలు మూడు నిరోధాలను అధిగమించాలి.

దొర్లుడు నిరోధం: టైర్లు నేల మీద నలుగుతూ దొర్లడం వలన కలుగుతుంది. తారు రోడ్డు మీద ఇది మొత్తం బరువులో సుమారు నూరవ వంతు ఉంటుంది. గాలి తక్కువైన టైర్లలోను, మట్టి దారులలోను బాగా పెరుగుతుంది.

గాలి నిరోధం: వేగం రెట్టింపైతే ఇది నాలుగు రెట్లు అవుతుంది. నిటారుగా కూర్చుని తొక్కే సైకిలు మీద గంటకు 20 కి.మీ. వేగంలో సుమారు 11 న్యూటన్లు, 40 కి.మీ. వేగంలో సుమారు 44 న్యూటన్లు.

వాలు నిరోధం: మెరక ఎక్కేటప్పుడు బరువు వెనక్కి లాగే బలం. దారి వెంట 100 మీటర్లు వెళ్ళేసరికి 5 మీటర్ల ఎత్తు ఎక్కితే దానిని 5 శాతం వాలు అంటారు. మొత్తం బరువు 100 కిలోలైతే 5 శాతం వాలులో ఈ బలం సుమారు 49 న్యూటన్లు, 10 శాతం వాలులో 98 న్యూటన్లు.

ఈ మూడింటిని పోల్చి చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. 65 కిలోల మనిషి, 35 కిలోల సైకిలు, ఇంజను కలిపి 100 కిలోలు అనుకుంటే, చదును దారిలో గంటకు 30 కి.మీ. వేగానికి చక్రం వద్ద సుమారు 290 వాట్లు చాలు. అదే సైకిలు 10 శాతం వాలును గంటకు 20 కి.మీ. వేగంతో ఎక్కాలంటే 660 వాట్లు కావాలి. ఇంకో 40 కిలోల బస్తా వేస్తే ఇది 900 వాట్లకు చేరుతుంది. అనగా చదునులో వేగాన్ని అడ్డుకునేది ముఖ్యంగా గాలి, మెరకలో అడ్డుకునేది బరువు. కనుక గేరు నిష్పత్తిని ఎంచుకునే ముందు ఎంత వేగంగా వెళ్ళాలి అన్న ప్రశ్న కంటే ఎంత బరువుతో ఎంత మెరక ఎక్కాలి అన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి.

స్ప్రాకెట్ల పోలిక

చక్రం నేలను నెట్టే బలం ఇంజను తిప్పుడు బలం (టార్క్), మొత్తం నిష్పత్తి, చక్రం వ్యాసార్ధం అనే మూడింటిపై ఆధారపడుతుంది.

నెట్టే బలం = టార్క్ × మొత్తం నిష్పత్తి × సామర్థ్యం ÷ వ్యాసార్ధం

ఈ క్రింది పట్టికలో టార్క్ 2 న్యూటన్-మీటర్లు, చైను, గేర్లలో నష్టం పోగా సామర్థ్యం 85 శాతం, చక్రం వ్యాసార్ధం 0.35 మీటర్లు, లోపలి నిష్పత్తి 4.1, ముందు స్ప్రాకెట్ 10 పళ్ళు అని తీసుకొనబడినది. ఎక్కగల వాలును గంటకు 20 కి.మీ. వద్ద గాలి నిరోధం తీసివేసి లెక్కించడమైనది.

| వెనుక పళ్ళు | మొత్తం నిష్పత్తి | 4000 చుట్ల వద్ద వేగం (కి.మీ.) | 5000 చుట్ల వద్ద వేగం (కి.మీ.) | నెట్టే బలం (న్యూటన్లు) | 100 కిలోలతో ఎక్కగల వాలు | 140 కిలోలతో ఎక్కగల వాలు |
|---|---|---|---|---|---|---|
| 36 | 14.76 | 35.8 | 44.7 | 72 | 5.2% | 3.4% |
| 44 | 18.04 | 29.3 | 36.6 | 88 | 6.8% | 4.6% |
| 50 | 20.50 | 25.8 | 32.2 | 100 | 8.0% | 5.5% |
| 56 | 22.96 | 23.0 | 28.7 | 112 | 9.2% | 6.3% |

ఈ సంఖ్యలు పోలిక కొరకే. వాస్తవంలో టార్క్ అన్ని వేగాల వద్ద ఒకేలా ఉండదు. రెండు స్ట్రోకుల చిన్న ఇంజన్లలో చుట్లు తగ్గితే టార్క్ కూడా పడిపోతుంది. గంటకు 20 కి.మీ. వేగంలో 36 పళ్ళ స్ప్రాకెట్‌తో ఇంజను సుమారు 2240 చుట్లు మాత్రమే తిరుగుతుంది, 56 పళ్ళతో సుమారు 3480 చుట్లు తిరుగుతుంది. కనుక చిన్న స్ప్రాకెట్ మెరకలో రెండు విధాల నష్టపోతుంది: బలాన్ని పెంచే నిష్పత్తి తక్కువ, పైగా ఇంజను కూడా బలం లేని చుట్లలో పనిచేస్తుంది. మెరక మధ్యలో వేగం ఒకసారి తగ్గడం మొదలైతే ఇంజను క్షణాలలో ఆగిపోవడానికి కారణం ఇదే.

పట్టికలోని అధిక వేగాలను కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 36 పళ్ళతో 44.7 కి.మీ. అన్నది ఇంజను 5000 చుట్లు తిరగగలిగితేనే సాధ్యం. ఆ వేగంలో గాలి, దొర్లుడు నిరోధాలు కలిపి దాదాపు 65 న్యూటన్లు, ఉన్న బలం 72 న్యూటన్లు. ఎదురుగా గంటకు 10 కి.మీ. గాలి వీస్తే చాలు, వేగం 37 కి.మీ. దగ్గరకు పడిపోతుంది. అదే ఎదురుగాలిలో 44 పళ్ళ స్ప్రాకెట్ తన పూర్తి వేగమైన 36.6 కి.మీ.ను నిలుపుకోగలదు. అంటే చిన్న స్ప్రాకెట్‌తో ఆశించిన అదనపు వేగం ఎదురుగాలి లేనప్పుడే దక్కుతుంది, పోగొట్టుకున్న మెరక బలం మాత్రం ఎప్పటికీ తిరిగి రాదు.

దారుల వాలు

తన దారిలోని వాలు ఎంతో తెలియకపోతే పై పట్టిక ఉపయోగపడదు. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతపు రోడ్లను సాధారణంగా 3.3 శాతం, అనగా 30కి 1 వాలు మించకుండా నిర్మించాలి. పరిమితి 5 శాతం, తప్పనిసరి పరిస్థితులలో 6.7 శాతం. సముద్ర మట్టానికి 3000 మీటర్లలోపు ఎత్తున ఉన్న నిటారు కొండ ప్రాంతాలలో సాధారణంగా 6 శాతం, పరిమితి 7 శాతం, అసాధారణ సందర్భాలలో 8 శాతం. పొలం దారులకు, ఏటి గట్టు దిగే బాటలకు ఇటువంటి ప్రమాణాలేవీ వర్తించవు. అక్కడ 10 శాతం మించిన వాలు కొద్ది దూరం ఉండవచ్చు.

వాలును కొలవడానికి సులభమైన పద్ధతి ఒకటి ఉంది. ఒక మీటరు పొడవు ఉన్న తిన్నని కర్రను దారి మీద పెట్టి, తాపీ పనివారి రసమట్టంతో సమతలంగా ఉండేలా దిగువ కొసను పైకి ఎత్తి, ఆ కొసకు నేలకు మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలవాలి. 6 సెం.మీ. వస్తే 6 శాతం వాలు. మెరకలో నాలుగైదు చోట్ల కొలిచి, అన్నింటిలో ఎక్కువ వచ్చిన సంఖ్యను లెక్కకు తీసుకోవాలి. సగటు వాలును తీసుకుంటే మెరక మధ్యలో ఆగిపోయే అవకాశం ఉంది.

ధరణికోట పరిసరాలు - ఒక ఉదాహరణ

ధరణికోట పల్నాడు జిల్లా అమరావతి మండలంలో కృష్ణా నది కుడి గట్టున ఉన్న గ్రామం. శాతవాహనుల కాలపు ధాన్యకటకం ఇదే. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఇది కొత్త జిల్లాలో చేరింది. నది పక్కన నేల చాలావరకు చదునుగా ఉంటుంది, పొలాలలో నల్లరేగడి ఎక్కువ. జిల్లాలో పడమరకు పోయేకొద్దీ కొండలు పెరిగి మాచర్ల వైపు నల్లమల మొదలవుతుంది. మధ్యలో బెల్లంకొండ, కొండవీడు, నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఉన్నాయి. కొండవీడుకు, కోటప్పకొండకు ఘాట్ రోడ్లు ఉన్నాయి. ఒకే జిల్లాలో చదును దారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నందున గేర్ల ఎంపికను వివరించడానికి ఈ ప్రాంతం మంచి ఉదాహరణ.

ధరణికోట నుండి అమరావతి, ఆ చుట్టుపక్కల గ్రామాల మధ్య మాత్రమే తిరిగే సైకిలుకు ఎదురయ్యే మెరకలు కరకట్ట ఎక్కే చోట, వంతెనల దగ్గర ఉండే చిన్న ఎక్కుడులు మాత్రమే. ఒంటరిగా వెళ్ళే మనిషికి 44 పళ్ళు చాలు. మెరకకు ముందు కొంత వేగం అందుకుని, చివరి పది ఇరవై మీటర్లు పెడలు తొక్కితే సరిపోతుంది. మనిషి మామూలుగా తొక్కితే వచ్చే 100 వాట్ల శక్తి గంటకు 15 కి.మీ. వేగంలో 24 న్యూటన్ల బలాన్నిస్తుంది. 140 కిలోల బండికి ఇది దాదాపు మరో 1.7 శాతం వాలును ఎక్కే బలం. పెడళ్ళను కేవలం ఇంజను స్టార్టు చేయడానికే ఉన్నవిగా భావించరాదు.

అదే సైకిలు మీద 40 కిలోల మిరపకాయల బస్తా వేసుకుని 6 శాతం వాలు ఎక్కాలనుకుంటే లెక్క మారుతుంది. వాలు నిరోధం 82, దొర్లుడు నిరోధం 14, గాలి నిరోధం 11, మొత్తం 107 న్యూటన్లు అవసరం. దీనిని పై సూత్రంలో తిరగవేస్తే మొత్తం నిష్పత్తి 22 కావాలి, అనగా వెనుక 54 పళ్ళు. అప్పుడు 4000 చుట్ల వద్ద వేగం గంటకు సుమారు 24 కి.మీ. మాత్రమే. 30 కి.మీ. చదును ప్రయాణం 44 పళ్ళతో 61 నిమిషాలు పడితే, 54 పళ్ళతో 75 నిమిషాలు పడుతుంది. మెరక మధ్యలో బస్తాతో సహా సైకిలును దిగి నెట్టుకోవలసిన అవసరం లేకుండా ఉండటానికి చెల్లించే మూల్యం ఈ 14 నిమిషాలు. మెరక నెలకు ఒకసారి వచ్చేదైతే ఈ మూల్యం ఎక్కువ, రోజూ వచ్చేదైతే తక్కువ.

వేసవిలో ఇంకొక విషయం గమనించాలి. పల్నాటిలోని రెంటచింతల ఆంధ్ర ప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటిగా పేరుపొందింది. చిన్న ఇంజన్లు గాలి తగిలి చల్లబడవలసినవే. మెరకలో వేగం తక్కువ, గాలి తక్కువ, ఇంజను మీద భారం ఎక్కువ. మహాశివరాత్రి నాడు కోటప్పకొండ వద్ద ప్రభల మధ్య, జనం మధ్య నెమ్మదిగా కదలవలసి వచ్చినప్పుడు కూడా ఇదే పరిస్థితి. అటువంటప్పుడు క్లచ్‌ను సగం పట్టి నడపడం కంటే ఇంజను ఆపి నడిపించుకుపోవడమే క్షేమం.

నిష్పత్తి తప్పితే కలిగే నష్టాలు

నిష్పత్తి మరీ చిన్నదైతే: ఇంజను తక్కువ చుట్లలో పూర్తి భారంతో కొట్టుకుంటూ పనిచేస్తుంది. సిలిండరు అతిగా వేడెక్కుతుంది. క్లచ్ పలకలు జారి కాలిన వాసన వస్తుంది. అపకేంద్ర క్లచ్ ఉన్న మోపెడ్లలో చుట్లు తగ్గగానే క్లచ్ దానంతట అదే విడిపోతూ, పట్టుకుంటూ ఉంటుంది కనుక మెరకలో ఈ నష్టం మరింత ఎక్కువ. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పినా బండి కదలకపోతే వెంటనే వదిలివేయాలి.

నిష్పత్తి మరీ పెద్దదైతే: చదును దారిలో ఇంజను ఎప్పుడూ అధిక చుట్లలో అరుస్తూ ఉంటుంది. అదురు వలన నట్లు, బోల్టులు సడలుతాయి. కిలోమీటరుకు ఇంజను చుట్లు పెరుగుతాయి కనుక పిస్టను, రింగులు త్వరగా అరుగుతాయి. దిగుడులో చక్రమే ఇంజనును తిప్పుతుంది కాబట్టి చుట్లు హద్దు మీరవచ్చు.

దిగుడులో రెండు స్ట్రోకుల ఇంజనుకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. దీనిలో కందెన నూనె పెట్రోలుతో కలిసే లోపలికి వెళుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా మూసి కొండ దిగితే ఇంజను వేగంగా తిరుగుతున్నా నూనె అందదు, పిస్టను పట్టేసే అవకాశం ఉంది. నడుస్తుండగా పిస్టను పట్టేస్తే వెనుక చక్రం బిగుసుకుని మనిషి పడిపోవచ్చు. అందువలన దీర్ఘమైన దిగుడులో క్లచ్‌ను విడదీసి బ్రేకులతో నెమ్మదిగా దిగాలి, లేదా మధ్య మధ్యలో యాక్సిలరేటరును కొంచెం ఇస్తూ ఉండాలి.

బ్రేకుల సంగతి కూడా గేర్ల ఎంపికలో భాగమే. పెద్ద సైకిళ్ళకు ఉండే కడ్డీ బ్రేకులు కాలితో తొక్కే వేగానికి తయారైనవి. గంటకు 40 కి.మీ. వేగంలో ఉన్న సైకిలుకు 20 కి.మీ. వేగంలో ఉన్నదానికంటే నాలుగు రెట్లు గతిశక్తి ఉంటుంది. ఆ శక్తినంతా బ్రేకు రబ్బర్లే వేడిగా మార్చాలి. బ్రేకులు ఆపలేని వేగాన్ని ఇచ్చే స్ప్రాకెట్‌ను ఎంచుకోరాదు.

ఒకటి కంటే ఎక్కువ గేర్లు

ఒకే నిష్పత్తితో సమతూకం కుదరనప్పుడు ఈ క్రింది పద్ధతులు ఉన్నాయి.

రెండు గేర్లు: మెరకకు ఒకటి, చదునుకు ఒకటి. బరువు, ఖర్చు కొంత పెరిగినా సమస్యకు ఇదే నేరైన పరిష్కారం.

సైకిలు గేర్ల ద్వారా నడపడం: ఇంజను లేదా మోటారు శక్తిని పెడళ్ళ ఇరుసు వద్దకు తెచ్చి, అక్కడ నుండి సైకిలు సొంత చైను, వెనుక ఉన్న పలు స్ప్రాకెట్ల ద్వారా చక్రానికి పంపుతారు. మనిషి తొక్కడానికి తయారైన పలుచని చైను, స్ప్రాకెట్లు ఇంజను బలానికి త్వరగా అరుగుతాయి.

మారే కప్పి: కప్పి రెండు పలకల మధ్య దూరం మారుతూ బెల్టు పైకి, కిందికి జరగడం వలన నిష్పత్తి దానంతట అదే మారుతుంది. కొన్ని మొబిలెట్ నమూనాలలో ఈ ఏర్పాటు ఉండేది. గేరు మార్చే పని లేకపోయినా బెల్టులో శక్తి నష్టం చైనులో కంటే ఎక్కువ.

రోలరు: టైరును ఒరుసుకుని తిప్పే పద్ధతిలో చక్రం వ్యాసాన్ని రోలరు వ్యాసంతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. 700 మి.మీ. చక్రానికి 35 మి.మీ. రోలరు ఉంటే నిష్పత్తి 20. అమర్చడం తేలిక, కాని వానలోను, నల్లరేగడి బురదలోను రోలరు జారిపోతుంది.

విద్యుత్ సైకిళ్ళు

విద్యుత్ మోటారు ఆగి ఉన్న స్థితి నుండే పూర్తి టార్క్ ఇవ్వగలదు కనుక దానికి గేర్లు అక్కరలేదని ఒక అపోహ ఉంది. చక్రం మధ్యలో అమర్చే మోటారు మెరకలో నెమ్మదిగా తిరుగుతుంటే కరెంటు ఎక్కువగా లాగి, ఆ శక్తిలో అధిక భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటుంది. నేరుగా చక్రాన్ని తిప్పే మోటారులో నిష్పత్తిని మార్చే అవకాశం లేదు. చిన్న చక్రం వాడితే మాత్రం అదే మోటారు ఎక్కువ మెరక ఎక్కుతుంది, వేగం తగ్గుతుంది. లోపల చిన్న గేర్లు ఉన్న మోటార్లు తేలికగా ఉండి మెరకలో మెరుగ్గా పనిచేస్తాయి. పెడళ్ళ వద్ద అమర్చిన మోటారు సైకిలు గేర్లను వాడుకోగలదు కనుక కొండ దారులకు అన్నింటికంటే అనువైనది.

250 వాట్ల మోటారు నుండి చక్రానికి 200 వాట్లు, తొక్కే మనిషి నుండి 75 వాట్లు అందుతాయనుకుంటే, 100 కిలోల మొత్తం బరువుతో 5 శాతం వాలును గంటకు సుమారు 15 కి.మీ., 10 శాతం వాలును సుమారు 9 కి.మీ. వేగంతో ఎక్కవచ్చు. గేరు ఏదైనా శక్తి పెరగదు. ఉన్న శక్తిని ఆ వేగం వద్ద ఇంజను లేదా మోటారు సరిగా అందించేలా చూడటమే గేరు పని.

స్ప్రాకెట్ మార్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

- వెనుక స్ప్రాకెట్‌కు 12 పళ్ళు పెరిగితే చైనుకు సుమారు 6 లింకులు అదనంగా కావాలి. పాత చైనుకు కొత్త ముక్క కలపడం కంటే పూర్తిగా కొత్త చైను వేయడం మంచిది.
- అర అంగుళం చైనుకు 44 పళ్ళ స్ప్రాకెట్ వ్యాసం సుమారు 178 మి.మీ., 56 పళ్ళది 226 మి.మీ. పెద్ద స్ప్రాకెట్ గాని, దాని మీది చైను గాని ఫ్రేమును తాకకుండా చూడాలి.
- స్ప్రాకెట్‌ను చువ్వలకు బిగించే పద్ధతిలో అది చక్రం మధ్యకు కచ్చితంగా రావాలి. పక్కకు జరిగితే చైను ఒకసారి బిగుతుగా, ఒకసారి వదులుగా అయి చువ్వలు విరుగుతాయి.
- ముందు, వెనుక స్ప్రాకెట్లు ఒకే వరుసలో ఉన్నాయో లేదో తిన్నని బద్దతో సరిచూడాలి.
- మార్చిన తరువాత మొదట బరువు లేకుండా, తరువాత బరువుతో, తెలిసిన మెరక మీద పరీక్షించాలి. మెరక దాటిన వెంటనే ఇంజను మామూలు శబ్దానికి రావాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజను సామర్థ్యం 25 సి.సి. మించని వాహనం మోటారు వాహనం క్రిందకు రాదు. అంతకు మించిన ఇంజను బిగించిన సైకిలుకు రిజిస్ట్రేషను, బీమా, డ్రైవింగు లైసెన్సు అవసరం. పదహారేళ్ళు నిండినవారు 50 సి.సి. మించని ద్విచక్ర వాహనాన్ని లైసెన్సుతో నడపవచ్చు. రిజిస్టరైన వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మార్చడంపై చట్టంలోని 52వ సెక్షను ఆంక్షలు విధించింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల కంటే తక్కువ ఉండి, గంటకు 25 కి.మీ. వేగం చేరేసరికి మోటారు సహాయం ఆగిపోయే పెడలు సైకిలుకు, నిర్ణీత పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, మోటారు వాహన నిబంధనలు వర్తించవు. ఈ రెండు మినహాయింపులలోని ఇంజన్లు చాలా చిన్నవి కనుక, వాటిని వాడేవారికే గేర్ల ఎంపిక అందరికంటే ముఖ్యమైనది.

ఇవి కూడా చూడండి

- సైకిలు
- మోపెడ్
- గేరు
- ధరణికోట
- కోటప్పకొండ